చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, సైకిల్ అమ్మేయనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బెంగళూరు నుంచే, అవీ కొత్తగా రోడ్ బైక్ (వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు ఉండే సైకిల్) కొన్నవాళ్లవి. అందుకే శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాం. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్ర: మాది అనంతపురం, ఉద్యోగం మారతహళ్లిలో. పోయిన నెల మొదటి రోడ్ బైక్ కొన్నాను. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద స్కూలుకి వెళ్లినవాణ్ణే, కానీ ఇది ఎక్కితే పది కిలోమీటర్లకే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది, కూర్చునే చోట మంట. ఆఫీసులో ఒకరు ఫ్రేమ్ పెద్దదైందంటారు, ఒకరు జెల్ సీటు వేయించమంటారు, ఇంకొకరు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కార్బన్‌ది పెట్టించమంటారు. అమ్మేసి మామూలు సైకిల్ కొనుక్కోనా?
– ఓ పాఠకుడు, మారతహళ్లి

జ: అమ్మకండి. కొత్తగా ఏమీ కొనకండి కూడా. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ముందు ఒక అలెన్ కీల (ఆరు పలకల బోల్టులు తిప్పే కడ్డీలు) సెట్టు తెచ్చుకోండి, ఆదివారం పొద్దున ఓ గంట సైకిల్‌ని గోడ పక్కన నిలబెట్టుకుని కూర్చోండి. మీరు రాసిన మూడు బాధలూ చాలావరకు ఆ గంటలోనే తగ్గుముఖం పడతాయి.

నాన్నగారి సైకిల్ మీద నిటారుగా కూర్చుంటాం, ఒంటి బరువంతా సీటు మీదే. దీని హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది కాబట్టి బరువు సీటు, పెడళ్లు, చేతులు మూడూ పంచుకోవాలి. పొట్ట, నడుము కండరాలు ఒంటిని పట్టి ఉంచకపోతే చేతుల వాటా పెరిగిపోతుంది. కొత్తవాళ్లందరికీ మొదట్లో జరిగేది అదే, మీకొక్కరికే కాదు.

ముందు సీటు ఎత్తు చూద్దాం. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు అప్పుడు తిన్నగా చాపుకోవాలి, కానీ మడమ అందడం కోసం నడుము ఒక పక్కకి వంగకూడదు. ఇప్పుడు మడమ తీసి, మామూలుగా తొక్కేటప్పుడు పెట్టే ముందు పాదం పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే మీ ఎత్తు. సీటు తక్కువైతే మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంది, ఎక్కువైతే మోకాలి వెనక నొప్పి వస్తుంది, పైగా తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడం వల్లే సీటు దగ్గర ఒరుసుకుని మంట పుడుతుంది. కొలత దొరికాక సీటు రాడ్డు మీద ఒక టేపు ముక్క అంటించండి, లేకపోతే ఏ సర్వీసులోనో కిందికి దించేసి ఇస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

ఇక అసలు సంగతి. నా అనుమానం ఏమిటంటే, మంటగా ఉందని మీరు సీటు ముక్కుని కిందికి వంచేశారు. ఈ పని చాలామంది చేస్తారు. అలా చేస్తే ఒళ్లు మెల్లగా ముందుకి జారుతూ ఉంటుంది, జారకుండా చేతులతో తోసుకుంటూ ఉంటారు, ఆ బరువంతా అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు ముందుగా మొద్దుబారుతున్నాయా? అరచేతి అంచున పోయే అల్నార్ నరం నలిగితే సరిగ్గా అలాగే ఉంటుంది. ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ ఉంటుంది కదా, సీటు మీద ఫోన్ పెట్టి సమంగా చేయండి. ముక్కు ఒక్క డిగ్రీ కిందికి ఉన్నా ఫరవాలేదు, అంతకు మించి వద్దు.

తొక్కేటప్పుడు మోచేతులు కర్రల్లా బిగించకండి, కొద్దిగా వంచి ఉంచండి, మెడ నొప్పిలో సగం అక్కడి నుంచే వస్తుంది. ఎక్కువసేపు చేతులు ఉండాల్సింది బ్రేక్ లీవర్ల మీది రబ్బరు తొడుగుల మీద, వాటినే హుడ్స్ అంటారు. అయిదారు నిమిషాలకోసారి చేతులు మార్చండి, కాసేపు పైన అడ్డకడ్డీ మీద, కాసేపు హుడ్స్ మీద. వేళ్లు వదులుగా ఆడించగలిగేంత మెత్తగా పట్టుకుంటే చాలు.

ఇంత చేశాక కూడా హ్యాండిల్ దూరంగానే అనిపిస్తే స్టెమ్ చూడండి. హ్యాండిల్‌ని పట్టి ఉంచే ఆ ముక్కకి కిందో పైనో రెండు మూడు రింగులు ఉంటాయి. అవి పైన ఉంటే కిందికి మార్పించండి, హ్యాండిల్ కొంచెం పైకి లేస్తుంది. లేదా 10, 20 ఎంఎం పొట్టి స్టెమ్ వేయించండి, ఫ్రేమ్ మార్చడం ముందు అదెంత ఖర్చు? సీటు ఎత్తు సరిగ్గా ఉండి, పొట్టి స్టెమ్ వేసి కూడా, హుడ్స్ అందుకోవడానికి చేతులు పూర్తిగా చాచాల్సి వస్తే అప్పుడు ఆఫీసు మిత్రుడి మాట నిజమే, ఫ్రేమ్ పెద్దదే. అప్పుడు షాపువాళ్లతో మాట్లాడండి. అంతేగానీ దూరం తగ్గించడానికని సీటుని ముందుకి జరిపేయకండి, మోకాళ్ల దగ్గర వేరే గొడవ మొదలవుతుంది.

జెల్ సీటు గురించి: అరగంటకి మెత్తగా, హాయిగానే ఉంటుంది. రెండు గంటలకి ఒళ్లు అందులో దిగబడి ఎముకలకి తగలాల్సిన ఒత్తిడి మెత్తటి చోట తగులుతుంది. ఆ డబ్బుతో మంచి ప్యాడెడ్ షార్ట్స్ కొనుక్కోండి. ఒకటి రెండు వారాలకి కూర్చునే ఎముకలు అలవాటు పడతాయి. నొప్పి అయితే ఓర్చుకోవచ్చు, కానీ కాళ్ల మధ్య మొద్దుబారడాన్ని మాత్రం ఓర్చుకోకండి. అలా అయితే అప్పటికప్పుడు పెడళ్ల మీద నిలబడండి, మళ్లీ మళ్లీ వస్తే మధ్యలో గాడి ఉన్న సీటుకి మారండి, అయినా తగ్గకపోతే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి.

బెంగళూరులో డబ్బు తీసుకుని కొలతలు సరిచేసే ఫిట్టర్లు ఉన్నారు. మంచి పనే, కానీ మీ ఒళ్లు ఇంకా కొత్తగా ఉన్నప్పుడు తీసుకున్న కొలత రెండు నెలలకి మారిపోతుంది. అప్పుడు వెళ్లండి.

ప్ర: పెట్రోల్ బంకులో గాలి కొట్టమంటే గొట్టం పట్టట్లేదు, వాల్వు సన్నగా ఉంది. పైగా మాటిమాటికీ పంక్చర్లు. మా వీధిలో పంక్చర్ షాపతను "ఈ ట్యూబు నా దగ్గర లేదు సార్" అని చేతులెత్తేశాడు. టెన్షన్‌తో దూరం వెళ్లడమే మానేశాను.
– ఓ పాఠకుడు, కె.ఆర్.పురం

జ: మీది ప్రెస్టా వాల్వు. బంకుల్లో గొట్టం కారు, మోటార్ సైకిల్ వాల్వులకి సరిపోయేది. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, కొని బ్యాగులో పడేసుకోండి, కానీ అది అత్యవసరానికే. ఇంత సన్నటి ట్యూబు బంకు గాలికి క్షణాల్లో నిండిపోతుంది, చూస్తూ చూస్తుండగా పేలుతుంది. మీటరున్న నిలువు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. సైకిల్ తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు అదే, హెల్మెట్ ఎలాగూ కొనే ఉంటారనుకుంటున్నాను.

పంపు తగిలించే ముందు వాల్వు కొసనున్న చిన్న నట్టు విప్పి, వేలితో ఒక్కసారి నొక్కండి, 'తుస్స్' అనాలి. ఆ నట్టు విప్పకుండా కొడుతూ పంపు పాడైందని తిరిగిచ్చేసినవాళ్లు ఉన్నారు. గాలి ఎంతంటే, టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టి తీరాలని కాదు. 70 కిలోల మనిషికి 28 ఎంఎం టైరైతే 70-75 పీఎస్ఐ, 25 ఎంఎం అయితే 85-90 దగ్గర మొదలుపెట్టి, మీకు నచ్చినట్టు కొంచెం అటూ ఇటూ చేసుకోండి. రాయిలా గట్టిగా ఉంటే వేగం పెరుగుతుందనుకోకండి, మన గతుకులకి ఒళ్లు హూనమవుతుంది అంతే. సన్నటి టైర్లలో గాలి దానంతటదే దిగుతుంది, అందుకని రెండు మూడు రోజులకోసారి చూడండి.

పంక్చర్ అయిన ట్యూబు పారేయకుండా బయటికి తీసి చూడండి, కథంతా అక్కడే ఉంటుంది. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము ట్యూబుని కరిచిందని అర్థం. ఒకే సన్నటి చిల్లు, అదీ బయటి వైపు ఉంటే, టైరులో ఏదో గుచ్చుకుని ఉంది. ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద హొసకోటే వైపు తొక్కేవాళ్లకి ఎక్కువగా తగిలేవి లారీ టైర్లు పేలినప్పుడు చెల్లాచెదురయ్యే సన్నటి ఇనప తీగలు. కంటికి కనపడవు. టైరు లోపలి వైపు పాత గుడ్డతో చుట్టూ తుడుచుకుంటూ రండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే తీగ అక్కడ ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అరకిలోమీటరులోనే మళ్లీ ఆగిపోతారు. మీ మాటిమాటి పంక్చర్లకి కారణం ఇదే అయ్యుండాలి, టైర్లు మార్చే పని లేదు.

ట్యూబు మార్చడం ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ఒకటికి రెండుసార్లు చేసి చూడండి. వెనక చక్రం తీసేముందు చైన్‌ని అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చుకుంటే చక్రం తేలిగ్గా వస్తుంది. కొత్త ట్యూబులో కాస్త గాలి పట్టించి, ఆకారం వచ్చాక లోపల పెట్టండి, మెలికపడదు. టైరు అంచుని వాల్వుకి ఎదురువైపు నుంచి మొదలుపెట్టి బొటనవేళ్లతో నెట్టుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. చివరి జానెడు మొండికేస్తుంది, అక్కడ టైరు ఊడదీసే లీవర్ పెట్టి లాగితే కొత్త ట్యూబుకే చిల్లు పడుతుంది. అంతా అయ్యాక వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదిలితే ఇరుక్కున్న ట్యూబు సర్దుకుంటుంది. డిస్క్ బ్రేకులైతే, అందులోనూ ఆయిల్‌తో పనిచేసేవైతే, చక్రం బయట ఉండగా బ్రేక్ నొక్కకండి, ప్యాడ్లు అతుక్కుపోతాయి. రెండు ట్యూబులు, రెండు ప్లాస్టిక్ లీవర్లు, చిన్న పంపు సీటు కింద బ్యాగులో ఉంటే పంక్చర్ షాపతని మొహం చూడక్కర్లేదు.

ప్ర: హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతూ గేర్ మారిస్తే చైన్ కరకరలాడుతుంది, ఒకసారి ఊడిపోయింది కూడా. కొత్తలో ఇలా లేదు. నాసిరకం గేర్లు ఇచ్చి మోసం చేశారా?
– ఓ పాఠకుడు, సహకారనగర

జ: మోసమేమీ లేదు. కొత్త సైకిల్‌కి మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో గేర్ కేబుల్ సర్దుకుని కాస్త వదులవుతుంది, అందుకే షాపువాళ్లు మొదటి సర్వీసు ఉచితంగా ఇస్తారు. దాన్ని వదులుకోకండి. ఈలోగా మీరే చేసుకోగలిగింది ఒకటుంది. వెనక డిరైలర్‌లోకి (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) కేబుల్ దూరే చోట చిన్న మరలాంటి అడ్జస్టర్ ఉంటుంది. చైన్ పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కడానికి తటపటాయిస్తుంటే దాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పి చూడండి, చిన్నదానికి దిగడానికి మొరాయిస్తే సవ్యంగా తిప్పండి. ఒక్కసారే చుట్లకి చుట్లు తిప్పొద్దు. సైకిల్ ఎప్పుడైనా కుడివైపు పడి ఉంటే మాత్రం డిరైలర్ వేలాడే హ్యాంగర్ వంగి ఉండొచ్చు, అది మెకానిక్ పని.

రెండోది, మీరు ఎక్కే పద్ధతి. ఫ్లైఓవర్ సగం ఎక్కి, ఊపిరాడనప్పుడు, కాలి బలమంతా పెట్టి తొక్కుతూ గేర్ మారిస్తే ఏ గేరైనా కరకరలాడుతుంది. ఎత్తు మొదలవకముందే మార్చండి, మార్చే ఆ ఒక్క క్షణం కాలు తేలిక చేయండి. ముందు పెద్ద పళ్లచక్రం, వెనకా పెద్ద పళ్లచక్రం పెట్టి తొక్కితే చైన్ ఏటవాలుగా సాగి నలుగుతుంది, ఆ జత వద్దు. పెడళ్లు నిమిషానికి 80-90 చుట్లు తిరిగేలా తేలిక గేరులో తొక్కడం అలవాటు చేసుకోండి. బరువు గేరు పెట్టి మెల్లగా నొక్కుకుంటూ పోవడం మగతనమనుకునేవాళ్లు మోకాళ్ల డాక్టర్‌ని పోషిస్తారు.

చైన్‌కి ఆయిల్ ఒక్కో లింకుకి ఒక్కో చుక్క, కాసేపాగి పైన ఉన్నదంతా తుడిచేయాలి. కారుతూ వదిలేస్తే రోడ్డు మీది దుమ్మంతా దానికే.

ప్ర: మా వాడు పీయూసీ రెండో సంవత్సరం. కాలేజీకి వెళ్లడానికి రోడ్ బైకే కావాలని పట్టు. రోజూ నాలుగు కిలోమీటర్లు, అంతా విజయనగర ట్రాఫిక్‌లోనే. కొనివ్వమంటారా?
– ఓ తల్లి, విజయనగర

జ: వద్దమ్మా. భుజాన పుస్తకాల సంచీ, వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, చుట్టూ ఆటోలు, బస్సులు, వాడికీ మీకూ రోజూ టెన్షనే. తిన్నటి హ్యాండిల్, 35 ఎంఎం పైబడిన టైర్లు ఉన్న హైబ్రిడ్ కొనివ్వండి, మంచి తాళం కూడా. వాడికి నిజంగా రోడ్ బైక్ పిచ్చి ఉంటే ఆదివారం పొద్దున ఎవరిదైనా అడిగి తొక్కి చూస్తాడు, అప్పుడు ఆలోచిద్దురు. ఫొటో కోసమే అడుగుతున్నాడా అన్నది మీకే తెలియాలి.

ప్ర: నేను పొద్దున అయిదున్నరకి బెళ్లందూరులో బయల్దేరతాను. ట్రాఫిక్ భయం లేదు, కుక్కల భయమే. ఒకసారి వెంటపడితే వేగంగా తొక్కి డివైడర్‌ని గుద్దుకోబోయాను. ఇంకా ఎక్కడ తొక్కితే మంచిదో చెప్పగలరా?
– ఓ పాఠకురాలు, బెళ్లందూరు

జ: పరుగు తీసేదాన్ని తరమడం కుక్క నైజం. దూరంగా ఉన్నప్పుడైతే వేగం పెంచి దాటేయొచ్చు, దగ్గరికొచ్చేస్తే మాత్రం వేగం తగ్గించి, గట్టిగా ఒక్క అరుపు అరవండి. వదలకపోతే దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి. చాలావాటికి అక్కడితో ఆసక్తి పోతుంది. నీళ్ల సీసాతో మొహం మీద చిమ్మినా పనిచేస్తుంది, కానీ ఒంటి చేత్తో తొక్కడం రాకుండా ఆ సాహసం వద్దు. కరిస్తే, గీరుకున్నా సరే, 15 నిమిషాలు సబ్బు పెట్టి ధార నీళ్ల కింద కడిగి, ఆ రోజే టీకాకి వెళ్లండి. ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోవద్దు.

ఎక్కడ తొక్కాలంటే, ఆదివారాలు కబ్బన్ పార్కులోకి మోటారు వాహనాల్ని రానివ్వరు, బ్రేకులు, గేర్లు, ఒంటి చేత్తో సీసా తీయడం అన్నీ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చేయి కుదిరాక కనకపుర రోడ్డు, హెసరఘట్ట వైపు బాగుంటాయి, అక్కడికి ఇంకొకరు తోడుంటే మేలు. వెనక ఎర్ర లైటు తెల్లారాక కూడా వెలుగుతూనే ఉండాలి. వైట్ టాపింగ్ చేసిన కాంక్రీటు రోడ్ల మీద పలకల మధ్య నిలువు సందుల్ని కనిపెట్టుకుని ఉండండి, సన్నటి టైరు అందులో దిగితే పక్కకి రాదు. వాన పడ్డాక మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్లగీతలు జారతాయి, వాటి మీద బ్రేక్ వేయకండి, తిప్పకండి, తిన్నగా దాటేయండి. ఇంకొకటి, కుడి లీవర్ ముందు బ్రేకా వెనక బ్రేకా అన్నది సైకిల్‌ని బట్టి మారుతుంది, మీది ఏదో ఇవాళే చూసుకోండి.

ప్ర: కొని మూడు వారాలైంది. ఫ్రెండ్స్ ఈ ఆదివారం నంది హిల్స్ అంటున్నారు. వచ్చే నెలలో 200 కిలోమీటర్ల బ్రెవే కూడా ఉందట. వెళ్లనా?
– ఓ పాఠకుడు, యలహంక

జ: కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు! యలహంక కాబట్టి సిటీ మధ్యలో ఉన్నవాళ్లకన్నా మీకు దగ్గరే, అయినా రానూ పోనూ కలిపి చూసుకోండి. కొండ కింది నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, పైన 1,478 మీటర్ల ఎత్తు, చివర్లో ఇంకా నిటారుగా ఉంటుంది. ముందు 40-50 కిలోమీటర్లు చదును మీద తొక్కి, మర్నాడు మామూలుగా లేవగలుగుతున్నారా చూసుకోండి. దేవనహళ్లి దాకా వెళ్లి రావడం దానికి మంచి పరీక్ష. వెళ్లిన రోజు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటే పరువేమీ పోదు, సైకిల్ తోసుకుంటూ నడిచేవాళ్లు అక్కడ ప్రతి వారాంతం కనపడతారు. సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి, దాహం వేసేదాకా ఆగకుండా చప్పరిస్తూ ఉండండి.

ఎక్కడం కన్నా దిగడమే నాకు భయం. చేతులు హ్యాండిల్ కింది ఒంపుల్లో పెట్టి పట్టుకుంటే బ్రేక్ బలంగా అందుతుంది. మలుపుకి ముందే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించండి, మలుపులో కాదు. దారంతా బ్రేక్ నొక్కి పట్టుకోకుండా నొక్కుతూ వదులుతూ రండి, లేకపోతే రిమ్ముగానీ డిస్కుగానీ కాగిపోతుంది. తెల్లవారుజామున మంచుతో రోడ్డు తడిగా ఉంటుంది, ఎదురుగా సూర్యోదయం చూడాలని హడావుడిగా వచ్చే కార్లు మలుపుల్లో మీ వైపుకి వచ్చేస్తాయి. మీ ఎడమ అంచు వదలొద్దు.

బ్రెవే అంటే పోటీ కాదు, గడువులోగా దూరం పూర్తిచేసే సైకిల్ ప్రయాణం. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, లెక్క చూస్తే గంటకి 15 కూడా పడదు. కానీ పంక్చర్లు, తిండి, ఎండ, చెక్‌పోస్టుల దగ్గర ఆగడం అన్నీ అందులోనే. 100 కిలోమీటర్లు రెండుసార్లు హాయిగా తొక్కాక పేరివ్వండి. వచ్చే నెల కాకపోతే ఆ తర్వాత ఇంకోటి ఉంటుంది.

ప్ర: అడగడానికి సిగ్గుగా ఉంది. ప్యాడెడ్ షార్ట్స్ లోపల అండర్‌వేర్ వేసుకోవాలా?
– పేరూ ఊరూ రాయొద్దు

జ: వద్దు. ఆ కుట్ల దగ్గరే ఒరుసుకుంటుంది. ఇంటికి రాగానే విప్పి ఉతికేయండి, రెండోసారి అలాగే తొడుక్కోకండి.